కలశమెక్కిన స్నేహ నాణెం

నా స్నేహితురాలికి విజయవాడలో చేనేత చీరల కొట్టుంది. నోటి దురుసు ఎక్కువ. బేరమాడటానికి వచ్చినవాళ్ళు కూడా తన ముందు గొంతు తగ్గించేస్తారు. అలాంటి మనిషి ఒక వెండి నాణేన్ని మాత్రం పసిపిల్లలా చూసుకుంటుంది. మన దేశానికీ జపానుకీ ఉన్న స్నేహానికి గుర్తుగా ముద్రించిన నాణెం అది. ఒకవైపు మన తామర, రెండోవైపు వాళ్ళ చెర్రీ పూలు. నేత చూడటానికి వచ్చిన ఒక జపాన్ ఆవిడ వెళ్తూ వెళ్తూ దాన్ని నా స్నేహితురాలి చేతిలో పెట్టిందట. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా రోజంతా మగ్గం పక్కన కూర్చుని నవ్వుకున్నారట. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం మా గయ్యాళి గొంతు మెత్తబడుతుంది.

నేను స్కూల్లో సోషల్ చెబుతాను. జాతీయ చిహ్నాల పాఠానికి పిల్లలకు చూపిస్తానని ఆ నాణెం అడిగాను. చాలా రోజులు నాన్చి, చివరికి చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చింది.

"వేలు కూడా తగలకూడదు, మచ్చ పడుద్ది. దానికేమన్నా అయిందో, మనిద్దరికీ చెల్లు. శుక్రవారం పేరంటానికి వచ్చినప్పుడు తీసుకెళ్తా" అంది. సరదాకి అన్న మాట కాదని నాకు తెలుసు.

పాఠం బ్రహ్మాండంగా జరిగింది. డబ్బా ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి, గండం గడిచిందనుకున్నాను.

మా అత్తయ్యగారిది కంకిపాడు, ఇప్పుడు మాతోనే ఉంటారు. వరలక్ష్మీ వ్రతానికి ఏటా ఒక కొత్త రూపు, అంటే లక్ష్మీదేవి బొమ్మ ఉన్న చిన్న వెండి బిళ్ళ, కలశానికి పెట్టాల్సిందే. ఆ శుక్రవారం నేను వంటింట్లో బూరెలు వేసి, హారతి వేళకు చేతులు కడుక్కుని వచ్చి చూద్దును కదా, కలశం మీది కొబ్బరికాయకు పసుపు ముద్దతో అంటించి ఉంది ఆ నాణెం. చింతపండుతో తోమారు కూడా. కొత్త గిన్నెలా తళతళలాడుతోంది.

"తామరపువ్వుంది కదా, రూపు నువ్వే తెచ్చావనుకున్నానమ్మా. కొట్టువాడు అమ్మవార్ని వెయ్యడం మర్చిపోయాడేమోలే అని సర్దుకున్నా" అన్నారు అత్తయ్యగారు మురిపెంగా.

మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కలశాన్ని ముట్టుకోకూడదు. సాయంత్రం నా స్నేహితురాలు రానే వస్తుంది. ఆ రోజు బూరెలు ఎలా కుదిరాయో నన్నడగొద్దు, నాకు రుచి తెలియలేదు.

తను వచ్చింది. పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకు పసుపు రాయడం మొదలుపెట్టాను. తలెత్తే ధైర్యం లేదు. ఉన్నట్టుండి నా చేతిలో తన పాదం బిగుసుకుపోయింది.

"అది నాదే కదూ" అంది మెల్లగా. తను మెల్లగా మాట్లాడితేనే నాకు ఎక్కువ భయం. చింతపండు సంగతితో సహా అంతా చెప్పేశాను. అదేం నాణెమో, ఎవరిచ్చారో అత్తయ్యగారికీ చెప్పాను.

వెనక నుంచి అత్తయ్యగారు అందుకున్నారు. "రెండు దేశాలవాళ్ళు కలిసుండాలని చేసిందా? మరీ మంచిది. పసుపూ కుంకుమా పెట్టకుండా మనం ఎవర్ని కలుపుకుంటామమ్మా? ఆ జపానమ్మాయి కూడా మన పేరంటానికి వచ్చినట్టే."

నా చేతిలో పాదం వదులైంది. తలెత్తి చూశాను. తను నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు.

"ఆవిడ వచ్చిన రోజు నా కాళ్ళకి పసుపుందే. అదేంటని సైగ చేసి అడిగింది. ఎట్టా చెప్పాలో నాకు తెలియలేదు" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. రేపు ఉద్వాసన అవ్వగానే శుభ్రంగా కడిగి, నేనే కొట్టుకి తెచ్చిస్తానన్నాను.

"నువ్వేం తేవద్దు, నేనే వస్తా" అంది, మళ్ళీ పాత గొంతుతో. "ఆ పసుపు కడిగావంటే మాత్రం నీ గడప తొక్కను."