లేడీ గారి బొట్టు

మాది అమలాపురం దగ్గర పల్లె. రెండేళ్ల క్రితం అబుదాబిలో ఒక ఇంగ్లీషు దొరల ఇంట్లో పనిచేసేదాన్ని. యజమాని తండ్రికి వంశపారంపర్యంగా వచ్చిన లార్డ్ బిరుదు ఉండేది. ఆయన భార్యను అందరం 'లేడీ' అనే పిలవాలి. చలికాలమంతా ఆ ముసలి దంపతులు కొడుకు దగ్గరే గడిపేవారు.

ఒక ఉదయం పెద్దాయన నిద్రలోనే పోయారు. శవాన్ని తీసుకెళ్లి ఇంకా గంట కాలేదు. నేను టీ కలిపి, "లేడీకి ఇచ్చొస్తాను" అన్నాను. పెదాలకు రంగు వేసుకుంటున్న కోడలు అద్దంలోంచే నన్ను చూసింది.

"ఇప్పుడు లార్డ్ మా ఆయన. లేడీని నేను. ఆవిడ డౌవేజర్ లేడీ. అలా పిలవడం నేర్చుకో."

అదేమిటని మా డ్రైవర్ ఖాదర్ భాయిని అడిగితే, ఫోన్‌లో వెతికి చెప్పాడు.

"మొగుడు పోయిన లేడీ అని అక్కా. ఖలాస్, పాత పిలుపు పోయినట్టే."

మా ఆయన పోయినప్పుడు మా ఆడపడుచు నా బొట్టు తుడిచిన తడిగుడ్డ వాసన మళ్లీ ముక్కుకు తగిలింది. పెద్దావిడను ఆ మాటతో నేనెప్పుడూ పిలవలేదు.

నుదుట బొట్టే పెట్టుకోని దొరసానులకు తుడవడానికేం ఉంటుందని అనుకునేదాన్ని. వాళ్లకది పేరులో ఉంటుందట.