నేర్పే ఖర్చు ఎవరిది

మా పెదనాన్న పోయిన నెలలో చనిపోయారు. కడియం దగ్గర మా నర్సరీలో పొద్దున మొక్కలకి నీళ్ళు పెట్టించి, కాసేపు కూర్చుంటానని షెడ్డులోకి వెళ్ళారట. మళ్ళీ లేవలేదు. నేను రాజమండ్రిలో క్లాసులో ఉండగా నాన్న ఫోన్ చేశారు.

పెదనాన్న మామిడికి అంటు కట్టడంలో నేర్పరి. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళకి మొదటి రోజు నుంచే పూర్తి కూలి ఇచ్చేవారు. కొత్త చేతులు కట్టిన అంట్లు చాలావరకు ఎండిపోతాయి. ఒకసారి పక్క నర్సరీ ఆయన, "పాడుచేసినందుకు కూడా కూలేంటండీ?" అని వెక్కిరించాడు.

పెదనాన్న తలెత్తకుండానే, "రేపు బాగా కట్టేది నాకే కదండీ. నేర్పే ఖర్చు నాదే," అన్నారు.

పోయినేడాది మా అక్క పైలట్ లైసెన్సు తెచ్చుకుని, ఒక విమాన సంస్థ పెట్టిన పరీక్షల్లో నెగ్గింది. వాళ్ళ ఉత్తరం నా ఫోన్‌కి పంపితే పెదనాన్నకి చూపించాను. ఉద్యోగంలో చేరేముందు, వాళ్ళు నడిపే రకం విమానం మీద శిక్షణ తీసుకోవాలని అందులో ఉంది. కింద పెద్ద మొత్తం. శిక్షణలో అక్కకిచ్చే జీతం అనుకున్నారు పెదనాన్న. ఆయనకి ఇంకోలా తోచే వీలే లేదు. నేనూ పైపైనే చదివాను. అక్క ఇంటికొచ్చేసరికి నర్సరీ అంతా కాజాలు పంచేశారు.

"పెదనాన్నా, అది వాళ్ళిచ్చేది కాదు. మనం కట్టేది," అంది అక్క.

"కట్టకపోతే?"

"పది రోజుల్లో ఇంకొకరిని తీసుకుంటారు."

"నీతోపాటు నెగ్గిన భీమవరం అమ్మాయి ఏం చేసింది?"

"వదిలేసుకుంది. వాళ్ళింట్లో కుదర్లేదు."

"నీకన్నా బాగా నడుపుతుందన్నావుగా?"

అవునన్నట్టు అక్క తలూపింది.

"మరి విమానం ఎక్కేవాళ్ళకి ఈ సంగతి తెలుసామ్మా?"

అక్కకి కోపం వచ్చింది. "నేనొక్కదాన్ని కట్టనంటే వాళ్ళకేం పోతుంది? ఇక్కడ మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ కూర్చోనా?"

"అదీ రాదు నీకు. మందారాలన్నీ కుళ్ళబెట్టావు," అన్నారు. అక్క నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

నేను మధ్యలో దూరాను. "నేర్చుకున్నది అక్కతోనే ఉంటుంది కదా పెదనాన్నా. రేపు ఇంకో కంపెనీకైనా వెళ్ళొచ్చు."

"నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు పక్క నర్సరీకి వెళ్ళలేదేంట్రా? ఉన్నన్నాళ్ళూ నా అంట్లే కట్టారు."

 

వారం తిరక్కుండా నర్సరీలోని తల్లి చెట్లు అమ్మేశారాయన. అంటుకి కొమ్మలు కోసుకునే మామిడి చెట్లవి. హైదరాబాదులో ఎవరో విల్లాల మధ్య నాటుకోవడానికి కొన్నారు. వేళ్ళ మట్టికి గోనె చుట్టి, క్రేనుతో లారీ ఎక్కిస్తుంటే అక్క "వద్దు పెదనాన్నా" అంది. ఆయన ఆపలేదు.

"ఈ పద్ధతి సరైనదని ఇవ్వట్లేదమ్మా. నీకు ఆశగా ఉందని ఇస్తున్నాను. రెండూ కలిపేసుకోకు. రేపు నిన్నెవరైనా అడిగితే, మేం కట్టాం, మీరూ కట్టండి అని మాత్రం అనకు."

అక్క ఇప్పుడు అదే సంస్థలో కో-పైలట్. పదకొండో రోజు కార్యానికి వచ్చింది. భోజనాలయ్యాక ఆమెకి ఫోన్ వచ్చింది. ఫ్లయింగ్ స్కూల్లో ఆమె తర్వాతి బ్యాచ్ అమ్మాయి.

"అక్కా, నాకూ ఆ ఉత్తరం వచ్చింది. కట్టేయమంటావా?"

అక్క లేచి నిలబడింది. "కట్టమని చెప్పను. నేను కట్టి చేరాను కాబట్టి వద్దనలేను. మాకేం జరిగిందో మొత్తం చెప్తా, విను. ముందు భీమవరం అమ్మాయి సంగతి."

మాట్లాడుతూ చెట్లు తీసిన చోటికి నడిచింది. ఆ గుంతలు ఇంకా పూడ్చలేదు. ముందురోజు వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. అక్క చెప్పులు విడిచి ఒక గుంత గట్టున కూర్చుంది. బురదలో కాళ్ళు పెట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని, చాలాసేపు చెబుతూనే ఉంది.