రాయిగా మిగిలిన రాజకుమారి

బొర్రా స్టేషన్‌కి పైన, కొండవాలులో ఉన్న ఒక ఊళ్ళో బాల్వాడీ టీచరుగా చేరాను. అప్పట్లో పెద్దవాళ్ళతో మాట్లాడాలంటే నాకు మహా బిడియం. పిల్లల దగ్గర మాత్రం కథలు వాటంతటవే వచ్చేవి. ఊరి ఆడవాళ్ళు పిల్లల్ని పంపేవారు గాని, తడిక సందుల్లోంచి లోపలికి చూస్తూనే ఉండేవారు. నేను తలెత్తగానే మాటలు ఆపేసేవారు. నా గురించేనని నా అనుమానం.

ఆ రోజు, మంత్రగత్తె రాజకుమారిని రాయిగా మార్చేసే కథ ఆడించాను. మంత్రగత్తెను నేనే. పిల్లలందరిలో చిన్నది రాజకుమారి. నేను తల నిమరగానే మోకాళ్ళు ముడుచుకుని బిగుసుకుపోయింది. తమ్ముడు గుర్రమ్మీద వచ్చి నీళ్ళు చిలకరిస్తే లేవాలి. ఇంతలో ఉప్మా గిన్నె వచ్చింది. అందరూ ఆకులు పట్టుకుని పరిగెత్తారు. రాజకుమారీ తినేసి ఇంటికి పోయింది. మిగతా కథ రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

మర్నాడు ఒక్క పిల్లా రాలేదు. పిలవడానికి ఇళ్ళకి వెళితే, రాజకుమారికి చలిజ్వరమని ఒకావిడ తన గుమ్మంలోంచే చెప్పి తలుపు వేసేసుకుంది. నేను మలేరియా మాత్రలు తీసుకుని వెళ్ళాను.

పిల్ల పొయ్యి పక్కన ముడుచుకుని పడుకుంది. పిలిస్తే పలకడం లేదు. వాళ్ళ నాయనమ్మ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ నా చేతులకేసే చూస్తోంది.

"మాత్ర వేద్దాం అవ్వా."

"రాయికి మాత్రేటి? మా గుంటని రాయి సేసి ఒగ్గేసినావు. ముందల లేపు."

"అది ఆట అవ్వా."

"ఆటే అయితే లేపడానికేటి బాధ?"

గుమ్మంలో ఆడవాళ్ళు మూగారు. ఎవరూ నవ్వలేదు. నేను పారిపోకుండా కావాలనే అడ్డం నిలబడ్డారనిపించింది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. నిన్న తమ్ముడి వేషం ఇచ్చిన పిల్లను రమ్మంటే వాళ్ళమ్మ వెనక్కి లాక్కుంది.

"ఈ గుంటని కూడా రాయి సేత్తావేటి?"

ఇక నేనే తమ్ముణ్ణయ్యాను. కొంగు తలపాగా చుట్టి, అంతమంది ముందు, ఆ చిన్న ఇంట్లో గుర్రంలా గెంతాను. తమ్ముడు చెప్పాల్సిన మాటల్లో ఒకటి సిగ్గుతో మింగేస్తే నాయనమ్మ ఊరుకోలేదు.

"నాను ఇనలేదు. మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాను. చెంబులోంచి నీళ్ళు తీసి పిల్ల మొహమ్మీద చిలకరించాను. కళ్ళు తెరిచింది.

"గుర్రమేదీ?" అని గొణిగింది.

అప్పుడు నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసి, మాత్రకి చెయ్యి చాపింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వొకటి మింగు ముందల."

మింగాను. నా మొహం చేదుకి ముడుచుకోవడం ఆవిడ శ్రద్ధగా చూసింది. కాసేపాగి మనవరాలికి వేయనిచ్చింది.

కొన్నాళ్ళకి జ్వరం తగ్గింది. మాత్రకా, నీళ్ళకా అని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. పిల్లలు మళ్ళీ వచ్చారు. వాళ్ళ వెనకే ఆవిడా వచ్చి బాల్వాడీ గుమ్మంలో కూర్చునేది. ఆకలని ఎవరు ఏడ్చినా సరే, కథ అయిపోయిందని నా నోట వినేదాకా కాలు అడ్డంగా చాపి ఒక్కరినీ బయటికి వదిలేది కాదు.