మేకల దొడ్డి వెనక రాళ్లు

ఒమన్‌లో సలాలా ఊరి శివార్లలో, కొబ్బరితోటల మధ్య నేను పనిచేసే ఇంటి వెనక మొండిగోడల దొడ్డి ఒకటి ఉండేది. కడప నుంచి వచ్చిన కొత్తలో దాన్ని మేకల కోసమే కట్టారనుకున్నాను. అసలు సంగతి ఇంటి పెద్దావిడ చెప్పింది. వెనకటికి కొండల్లో యుద్ధం జరిగినప్పుడు పట్టుబడినవాళ్లను అందులో పెట్టారట. వాళ్లలో ఆవిడ అన్న ఒకడు. ఊరి ఆడవాళ్లు రొట్టెలు, ఎండుచేపలు మూటగట్టి గోడ మీంచి లోపలికి విసిరేవాళ్లట. కాపలావాళ్లు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లట.

అన్న జ్వరంతో అందులోనే పోయాడు. అలా పోయినవాళ్లందరినీ గోడ వెనకే పూడ్చి, తలవైపు ఒక రాయి, కాళ్లవైపు ఒక రాయి పాతారు. పేర్లు రాయలేదు. యుద్ధం అయిపోయాక ఊరు ఆ మాటే ఎత్తడం మానేసింది, దొడ్డిలోకి మేకలొచ్చాయి.

వాటిలో ఏ సమాధి తన అన్నదో ఆవిడ ఒక్కదానికే తెలుసు. శుక్రవారం సాయంత్రం గోడ మూల దగ్గర మొదలుపెట్టి, నడిచి నడిచి ఒకచోట ఆగేది. నేను సాంబ్రాణి ధూపం పట్టుకుని, నిప్పులు చీర మీద పడతాయేమోనని వాటినే చూసుకుంటూ, లోపల సణుక్కుంటూ వెనక నడిచేదాన్ని. నాకదొక అదనపు డ్యూటీ, అంతే.

ఈ ఏడు ఆవిడ కొడుకు, వానలప్పుడు వచ్చే టూరిస్టులకు గదులు కడతానన్నాడు. పెద్దావిడ తిండి మానేసింది. చివరికి కొడుకే దిగొచ్చాడు. గోడలు తీసేస్తాం, సమాధుల జోలికి పోము అన్నాడు. జేసీబీ నడిపేది గోదావరి మనిషి. మీ భాషలో వాడికి గట్టిగా చెప్పమని పెద్దావిడ నన్ను పంపింది.

"చూడబ్బాయా, ఆ రాళ్లకు ఏమీ గాకూడదు. పెద్దమ్మ పానమంతా వాటిమీదే పెట్టుకోనుంది" అన్నాను.

"మీరు ఇంతలా చెప్పాలా అక్కా? నాకొదిలేయండి."

శుక్రవారం వెళ్లేసరికి గోడలు లేవు. నేలంతా చదును. రాళ్లన్నీ శుభ్రంగా కడిగి, కొబ్బరిచెట్టు కింద వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"ఒక్కటి కూడా పగల్లేదక్కా, అన్నీ చేత్తోనే తీసేను. మా ఊళ్లో రోడ్డేసినప్పుడు అమ్మోరి రాయిని కూడా ఇలాగే ఎత్తి పక్కన నిలబెట్టేం" అన్నాడు, మెచ్చుకుంటానని చూస్తూ.

ఒళ్లు మండిపోయింది. తిడదామని నోరు తెరిచాను, తిట్టు రాలేదు. మా ఊళ్లోనూ అంతే కదా. రాయిని ఎక్కడ నిలబెడితే అమ్మవారు అక్కడే ఉంటుంది. చనిపోయినవాడు అలా రాయి వెంట లేచి రాడు.

పెద్దావిడ రాళ్లవైపు చూడనైనా లేదు. చదును నేల మీద గోడ మూల కోసం వెతికింది. ఒకచోట ఆగేది, కాదన్నట్టు తలూపి ఇంకోచోటికి వెళ్లేది. కొడుకు పరిగెత్తుకొచ్చి, మళ్లీ పాతిద్దాంలే అమ్మా అన్నాడు.

"ఎక్కడ?" అంది ఆవిడ.

ఇన్నేళ్లు దాచుకున్న మనిషిని ఒక్క పూటలో పోగొట్టాం, అదీ జాగ్రత్తపడి మరీ. ఇక ఎవరేం చేసినా దొరకడు.

చేతిలో ధూపం కాలుతూనే ఉంది. ఎక్కడ పెట్టమంటుందోనని ఆవిడ వైపు చూశాను. ప్రతి వారం వెంట వచ్చినదాన్ని కదా, నాకైనా గుర్తుందేమోనని ఆవిడ నా వైపే చూస్తోంది.

నాకు గుర్తు లేదు.