గడ్డతో పాటు మాయమైన క్లిప్పు

రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా, ఒక ఎండాకాలంలో, నేను నెల్లూరులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియాలజీ విభాగాధిపతిగా ఉన్నాను. ఎదురుగా అందరూ మేడమ్ గారు అనేవారు. వెనక మాత్రం అనుమానం పక్షి అనేవారని నాకు తెలుసు.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ కంటే ముందే కీమో ఇస్తున్నప్పుడు, మందు పనిచేస్తున్నదో లేదో మధ్యలో ఎమ్మారై తీసి చూస్తాం. గడ్డ తగ్గుతుంటే అదే మందు సాగుతుంది, తగ్గకపోతే మార్చాలి. కీమో మొదలయ్యే ముందే గడ్డలో బియ్యపు గింజకన్నా చిన్నదైన లోహపు క్లిప్పు పెడతాం. రేపు గడ్డ పూర్తిగా కరిగిపోయినా, అది ఎక్కడ ఉండేదో సర్జన్‌కు తెలియాలి కదా.

ఇందుకూరుపేట వైపు వరి పండించుకునే కుటుంబం నుంచి వచ్చిన సుగుణమ్మకు ఆ క్లిప్పు నేనే పెట్టాను. నలభై దాటిన మనిషి. మొదటి ఎమ్మారైకి ఆ గొట్టంలో ఊపిరాడటం లేదని ఏడ్చి గోల చేసి, ఎలాగో పూర్తి చేయించుకుంది.

మధ్య స్కాన్ బొమ్మలు నా తెర మీదికి వచ్చాయి. గడ్డ లేదు, ఆనవాలు కూడా లేదు. కీమో ఇచ్చే డాక్టర్ గారికి ఫోన్ చేస్తే సంబరపడి, వెంటనే రిపోర్టు పంపమన్నారు. నాకూ సంతోషంగానే ఉంది. తీరా చూస్తే క్లిప్పు కూడా లేదు.

ఎమ్మారైలో అది చిన్న నల్లటి చుక్కలా కనబడాలి. మందుకు గడ్డ కరుగుతుంది, లోహం ఎందుకు కరుగుతుంది? అరుదుగా పక్కకు జరుగుతుంది కాబట్టి అంతా గాలించాను. కనబడలేదు. మొదటి అనుమానం సీనియర్ టెక్నీషియన్ ఖాదర్ మీదికి పోయింది. ఇంకెవరివో బొమ్మలు ఈ పేరు మీద ఎక్కించావా అని అడిగితే అతను నొచ్చుకున్నాడు.

"పేరు అడిగినా, నంబరు చూసినా మేడమ్. తలకు గుడ్డ గూడా కట్టుకొని ఉంది" అన్నాడు.

కీమోకు జుట్టు రాలినవాళ్లు అలాగే వస్తారు. ఈసారి గొట్టంలో ఏడవలేదా అని అడిగాను.

"లేదు మేడమ్, రాయి మాదిరి పండుకుంది."

ఆ మాటతో నా అనుమానం రెట్టింపయింది. పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూశాను. లోపలి కండ తీరే వేరుగా ఉంది. ఒకరి కార్డు మీద ఇంకొకరు వైద్యం చేయించుకునే మోసాలు విని ఉన్నాను, ఇది అదేననుకున్నాను. రిపోర్టు ఆపి, స్కాన్ మందు ఎక్కించినవాళ్లను కాసేపు కూర్చోబెట్టే గదికి వెళ్లాను. అక్కడున్న ఆమెను తలగుడ్డ విప్పమన్నాను. లోపల ఒత్తయిన జడ, చుట్ట చుట్టి ఉంది.

ఆమె సుగుణమ్మ చెల్లెలు కామాక్షి. ఏమిటీ మోసమని గట్టిగానే అరిచాను.

"మోసం ఏంది మేడమ్? ఈ ఫొటో తీస్తేనే మందు ఎక్కిస్తామన్నారు గదా. మా అక్కకు ఆ గొట్టమంటే పానం పోతాది. పండుకునేది ఎవురైతే ఏముందని నేనొచ్చినా. రేషన్ కాడ గూడా ఆమె బదులు నేనే నిలబడేది."

అక్క కోసం చేతికి సూది కూడా పొడిపించుకుంది. నాకు కోపమూ ఆగలేదు, నవ్వూ ఆగలేదు. గడ్డ పూర్తిగా పోయిందని రాయబోయానని చెప్పాను.

"పోయిందా మేడమ్?" అంటూ ఆమె ముఖం వెలిగిపోయింది.

"అది నీ ఫొటో అమ్మా" అన్నాను.

కామాక్షి లేచి బయటికి నడిచింది. గేటు బయట ఆటోలో కూర్చున్న అక్కను తనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

ఆ వారంలోనే, భయం తగ్గడానికి మందు ఇచ్చి, సుగుణమ్మకు స్కాన్ తీశాం. కామాక్షి గాజులూ కమ్మలూ తీసేసి, లోపలే నిలబడి, అక్క పాదం పట్టుకుంది. క్లిప్పు పెట్టినచోటే ఉంది. దాని చుట్టూ గడ్డ మొదటికంటే కాస్త పెరిగి ఉంది. మందు మార్చారు. కొత్త మందుకు అది తగ్గడం మొదలైంది.

చెడ్డ ఫలితం వస్తే అందరం రెండోసారి చూస్తాం, మంచి ఫలితాన్ని ఎవరూ అనుమానించరు. ఆ తర్వాత మా విభాగంలో రెండు నియమాలు పెట్టాను. స్కాన్‌కు ముందు గొట్టమంటే భయమా అని మనిషిని అడగాలి. స్కాన్ తర్వాత గడ్డకంటే ముందు క్లిప్పు వెతకాలి. గడ్డ లేదని రాయాలంటే, ముందు ఆ మనిషి ఆమేనని తేలాలి.