చేప లేని ట్యాంకుకి మేత

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినడం మా ఇంట్లో అలవాటు. మా అత్తయితే ముప్పాతిక తీసేస్తుంది. చిన్నప్పుడు కొత్త చొక్కా పోగొట్టుకొచ్చి, వైతికుప్పం ఒడ్డున పడవంత తాబేలు దాన్ని తొడుక్కుని సముద్రంలోకి పోయిందని ఆమెకి చెప్పాను. ఆమె అంతా విని, "గుండీలు పెట్టుకునిందా?" అని మాత్రం అడిగింది. పెట్టుకుందన్నాను. నాకు యాభై దాటినా, నేనేం చెప్పినా ఆమె మొహంలో ఇప్పటికీ ఆ గుండీల నవ్వే.

అందుకని ఇది కొంచెం జాగ్రత్తగా చెబుతున్నాను. ఇందులో తీసేయాల్సింది తక్కువ.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మిల్లులో పనిచేసి రిటైరైంది. మామ పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. కురుచికుప్పంలో ఒక పాత పెంకుటింట్లో అద్దెకుండేది. ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటానని ఓనరు చెప్పాడు. నేనూ మా ఆవిడా పోయి, మా ఇంటికి వచ్చేయమన్నాం. ఆమె పెరట్లోకి చూసింది.

పెరట్లో సిమెంటు తొట్టి. అందులో ఎనిమిదేళ్ళుగా ఒక బంగారు చేప. అరచేతికి ఎక్కువ, మూరకి తక్కువ. అత్త దగ్గరికి పోతే పైకొచ్చి నోరు తెరుస్తుంది. నేను పోతే ఇటుక ముక్కల వెనక దాక్కుంటుంది. దానికి కూడా నా సంగతి తెలుసని అత్త అంటుంది.

"ఇది మీ ఇంట్లో బతికితే నేనూ బతుకుతా," అంది అత్త. "లేదంటే పిళ్ళైచావడిలో మా మిల్లు దోస్తు ఒక రూము చూపిస్తా అనింది, ఆడికి పోతా. చేప బతకలేని ఇంట్లో ముసిల్ది ఏం బతుకుద్ది?"

మాది మేడమీద పోర్షన్. పెరడు లేదు, సిమెంటు తొట్టికి చోటు లేదు. అందుకని హాల్లో మూడడుగుల అద్దాల ట్యాంకు పెట్టాలనుకున్నాం. ట్యాంకు అమ్మిన చేపల కొట్టాయన తమిళంలో ఒక మాట చెప్పాడు: "ట్యాంకు కొన్న రోజే చేపను వేసేవాళ్ళ వల్లే నా కొట్టు నడుస్తోంది. వాళ్ళు నెలకోసారి కొత్త చేప కోసం వస్తారు."

తర్వాత విప్పి చెప్పాడు. చేప విసర్జించేదీ, అది తినకుండా వదిలిన మేతా కుళ్ళి అమోనియా అవుతుంది. అది విషం. దాన్ని తినే సూక్ష్మజీవులు కొన్ని ఉంటాయి, అవి దాన్ని నైట్రైట్ చేస్తాయి. అదీ విషమే. దాన్ని తినే ఇంకో రకం జీవులు నైట్రేట్ చేస్తాయి. అది అంత చెరుపు చేయదు, వారం వారం కొంత నీళ్ళు మారిస్తే చాలు. ఈ రెండు రకాల జీవులూ ఫిల్టరు స్పాంజిలో కాపురం పెట్టాలి. దానికి నెల పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అంతవరకు ట్యాంకులో చేప ఉండకూడదు, కానీ రోజూ చిటికెడు మేత వెయ్యాలి. అది కుళ్ళాలి, ఆ జీవులకి అదే తిండి.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి వినింది. "నీళ్ళని నెల మాగబెట్టాలా? ఏంది, ఆవకాయా అది?"

"నిజం."

"అట్టాగే," అని ఊడ్చుకుంటూ పోయింది.

మంచి సంగతేమంటే అప్పుడే ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, పుట్టింది. ఆడిలో మా అత్త పిడకైనా ఒకింటి నుంచి ఇంకో ఇంటికి మార్చదు. తర్వాతి నెల ఆవణి పుట్టాక మొదటి మంచిరోజే మార్పు. నెల పట్టే పనికి పంచాంగమే నెల ఇచ్చింది. కుళాయి నీళ్ళు బకెట్లలో పట్టి, క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసి ట్యాంకు నింపాను. మోటారు పెట్టాను. ఖాళీ నీళ్ళకి మేత వెయ్యడం మొదలుపెట్టాను.

మేడమెట్ల మీదనుంచి చూస్తే మా హాలు కనిపిస్తుంది. ఎదురింటి రిటైర్డ్ పెద్దమనిషి రెండు రోజులు చూసి, మూడో రోజు వచ్చేశాడు. చేపల్లేని తొట్టికి మేతేంటి అన్నాడు. నిజం చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. ఇక లాభం లేదని, ఇవి ఒక రకం గాజు చేపలు సార్, కంటికి ఆనవు, అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చాలాసేపు చూసి, "అదుగో ఒకటి, తోక ఆడించింది," అన్నాడు. మా ఊళ్ళో నా నిజాలకీ నా కతలకీ ఉన్న విలువలో తేడా అది.

నీళ్ళ పరీక్ష మాత్రం నా చేతి పని. నాది టైలరింగ్ సామాన్ల కొట్టు: దారం, జిప్పులు, గుండీలు, లైనింగ్ గుడ్డ. ముప్పై ఏళ్ళుగా జాకెట్టు ముక్కకి దారం రంగు కలపడమే నా బతుకు. పరీక్ష డబ్బాలో చిన్న గాజు గొట్టం ఉంటుంది. అందులో ట్యాంకు నీళ్ళు పోసి, మందు చుక్కలు వేసి ఊపితే రంగు తేలుతుంది. దాన్ని అట్టమీది రంగులతో పోల్చాలి. అమోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్ లేకపోతే ఆకాశం రంగు, ఉంటే ఊదా. నైట్రేట్ పెరిగేకొద్దీ నారింజ. ట్యూబులైటు కింద చూస్తే మోసపోతాం. కొట్టులో ఆడవాళ్ళకి చెప్పినట్టే నాకు నేను చెప్పుకుని, పొద్దున్నే గొట్టం పట్టుకుని గుమ్మంలోకి పోయి పగటి వెలుతురులో చూసేవాణ్ణి. సరిగ్గా ఆ రంగు దారం ముక్క కత్తిరించి, ఆ రోజు కేలెండరు గడిలో అంటించేవాణ్ణి. మొదటి వారం గడుల్లో లేతాకుపచ్చ, తర్వాత ముదురాకుపచ్చ. రెండో వారం చివర ఆకుపచ్చ వెలవెలబోయి, పక్కన ఊదా దారం మొదలైంది. మొదటి రకం జీవులు దిగాయన్నమాట. నేను కొట్టుకి పోయి ఇద్దరికి ఊరికే గుండీలిచ్చాను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

స్పాంజిని ఎవరూ ముట్టుకోకూడదు కదా. ఒక కాగితం మీద "స్పాంజి కడగరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి ట్యాంకుకి అంటించాను. తెలుగులో రాశాను. మా ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం. మావాళ్ళందరిదీ ఇంతే. తెలుగు చదవగలిగేది నేనొక్కణ్ణే, మా నాన్న పలక మీద దిద్దించాడు గనక. ఆ గొప్ప నలుగురికీ కనపడాలని నా యావ. మా ఆవిడ చూసి, "ఏంది రాసినారు?" అని అడిగింది. అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది. కానీ నాలుక ఊరుకోదే. "మత్స్యావతారం శ్లోకం," అన్నాను.

మూడో ఆడి శుక్రవారం. ఆ రోజు మా ఆవిడ ఇల్లంతా కడుగుతుంది. తలుపులు, కిటికీ చువ్వలు, ఫ్యాను రెక్కలు, ఏదీ తప్పించుకోదు. నేను కొట్టునుంచి వచ్చేసరికి ఇల్లు సాంబ్రాణి వాసన. ట్యాంకు అద్దం తళతళ. నా కాగితానికి నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు. మేడమీద తీగకి రెండు క్లిప్పులు పెట్టి స్పాంజి ఆరేసి ఉంది.

"బంకబంకగా ఎంత పాచి పట్టిందో," అంది మా ఆవిడ. "బ్లీచింగ్ పౌడరేసి మూడుసార్లు పిండినా."

నేను కాగితం వైపు చూపించాను.

"దానికి కూడా దండం పెట్టుకునే కడిగినా."

రెండు రోజుల్లో గొట్టం మళ్ళీ ముదురాకుపచ్చ. అంతా మొదటికొచ్చింది. ఆవణికి రెండు వారాలే ఉంది. అసలు ఆ కాగితంలో ఏం రాసి ఉందో మా ఆవిడకి చెప్పాను. ఆమె నెమ్మదిగా, "మీరు నిజం చెప్పినా, కత చెప్పినా మొగం ఒకటే. నేనెట్టా కనుక్కునేది?" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నన్ను చాలా తిట్టింది. ఏ తిట్టూ ఇంత లోతుగా దిగలేదు.

ఆదివారం అత్త ట్యాంకు చూడటానికి వచ్చింది. మెరిసే అద్దం, తెల్లటి గులకరాళ్ళు, బుడగలు. చుట్టూ తిరిగి చూసింది. "బాగుంది. చేప బతుకుతాదా ఇందులో?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. బతుకుతుందంటే చాలు, ఆమె సామాను కట్టుకుంటుంది. తర్వాత చేపకి ఏమైనా అయితే ముసలి చేప కదా అనొచ్చు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నా మొహాన్నే చూస్తోంది.

"బతకదత్తా," అన్నాను. "ఇప్పుడు వేస్తే వారం తిరక్కుండా చస్తాది. తప్పు నాదే." శ్లోకం సంగతితో సహా అంతా చెప్పాను.

అత్త నవ్వలేదు. "ఇందులో తాబేలు లేదా?" అంది.

"లేదు."

"సరి. తప్పు నువ్వు నీమీదే చెప్పుకున్నావంటే నిజమే అయ్యుంటాది." కుర్చీలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి నా తొట్టిలో ఎనిమిదేళ్ళు ఎట్టా బతికిందిరా? నేను ఏ మందూ పొయ్యలేదే. స్పాంజీ లేదు, మోటారూ లేదు."

"ఆ ఇటుకముక్కలు ఎప్పుడైనా తోమావా?"

"తోమితే దానికి కోపం. పాచి గీరుకుంటా తిరుగుతాది." మళ్ళీ తనే, "రేపు మాత్రం తోమిస్తున్నా. పనిమనిషికి చెప్పినా. చేపని బకెట్టులో పెట్టి, తొట్టి కడిగి సున్నం కొట్టిస్తా. ఇల్లు వదిలేటప్పుడు పాచితో వదిలిపెడితే రేపు ఆ ఓనరు ఏమనుకుంటాడు?" అంది.

నేను కుర్చీలోంచి లేచిన వేగానికి మా ఆవిడ భయపడింది.

నేను నెలగా పెంచుతున్న ఆ జీవులు ఎనిమిదేళ్ళుగా ఆ పాచిలోనే కాపురం ఉన్నాయి. అదే సాయంత్రం కురుచికుప్పం పోయాం. ఇటుకముక్కల్లో సగం చేపకే వదిలేసి, మిగతా సగం తొట్టి నీళ్ళతోనే మూత ఉన్న బకెట్టులో పెట్టుకున్నాం. ఎక్కడా ఆరకూడదు, కుళాయి నీళ్ళు తగలకూడదు. నల్లగా, జారుడుగా, నాచు వాసనతో ఉన్న ఆ ముక్కల్ని తెల్లటి గులకరాళ్ళ మీద పేర్చి, కొంచెం పాచి గీరి స్పాంజికి అద్దాను. మా ఆవిడ ముక్కు మూసుకుంది గానీ ఒక్కమాట అనలేదు. అత్త మాత్రం తొట్టి కడక్కుండా ఇల్లు వదలాల్సి వస్తుందేమోనని దారి పొడుగునా బాధపడింది. చేప మారిన రోజే నేనే వచ్చి కడుగుతానని మాటిచ్చాను.

తర్వాతి శుక్రవారం మా ఆవిడ ఇల్లంతా కడిగి, ట్యాంకు చుట్టూ రెండడుగులు వదిలేసింది. నిద్రపోయే పసిబిడ్డ పక్కనుంచి నడిచినట్టు నడిచింది.

ఆరోజుకే అమోనియా పసుపుకి తిరిగింది. నైట్రైట్ మాత్రం మొండి. ఊదా, ఊదా, మళ్ళీ ఊదా. ఆవణి పుట్టింది. అత్త అనుకున్న మంచిరోజుకి ముందునాడు గొట్టంలో ఇంకా వంకాయపూవు రంగు ఉంది. ఫోన్ చేసి చెప్పాను. మంచిరోజు దాటిపోతే కోప్పడుతుందనుకున్నాను. "పోనీలేరా, ఇంకోటి వస్తాది," అంది.

వారం తర్వాత ఒక పొద్దున గుమ్మంలో గొట్టం ఎత్తితే ఆకాశం రంగు. నమ్మకుండా చిటికెడు మేత వేసి మర్నాడు చూశాను. అదే రంగు. అమోనియా పసుపు, నైట్రేట్ నారింజ. సగం నీళ్ళు మార్చి అత్తకి కబురు చెప్పాను.

చేప ఆటోలో అత్త ఒళ్ళో బకెట్టులో వచ్చింది. గంటసేపు గ్లాసు గ్లాసుగా మా నీళ్ళు బకెట్టులో కలిపి, అలవాటయ్యాక ట్యాంకులోకి వదిలాను. అది సూటిగా ఇటుకముక్కల వెనక్కి పోయింది. నేను మాటిచ్చినట్టే పోయి తొట్టి కడిగి సున్నం కొట్టొచ్చాను. వచ్చేసరికి అత్త ట్రంకుపెట్టె హాల్లో గోడకి ఆనించి ఉంది, తాళం తీయలేదు. ఇంకో చీర మార్చుకోడానికి కూడా తీయలేదు. మా ఆవిడ చీరే అడిగి కట్టుకుంది.

చేప తినలేదు. మర్నాడూ తినలేదు. అత్త పొద్దున్నే నాతోపాటు గుమ్మంలోకి వచ్చి గొట్టం లాక్కుని చూసేది. "ఇది పసుపు కాదురా, నిమ్మకాయ రంగు."

"నిమ్మకాయ పసుపే కదత్తా."

"పచ్చి నిమ్మకాయ పచ్చ."

మా ఆవిడ పక్కనుంచి, "పండుదే, పండుదే," అనేది. మూడో రోజూ చేప తినలేదు. అత్త ఫోన్లో పిళ్ళైచావడి దోస్తు నంబరు తీసి పెట్టుకుంది. నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

నాలుగో రోజు కొట్టుకి చెప్పులేసుకుంటుంటే హాల్లోంచి చిన్న చప్పుడు. నీటి పైన నోరు తెరిచి మూసిన చప్పుడు. చేప పైకొచ్చి, ఒక గింజ తిని, కిందకి పోయి, మళ్ళీ వచ్చింది. అత్త వేలు నీళ్ళకి ఆనించి నిలబడి ఉంది. ఇంకో నాలుగు గింజలు వేసింది. ఇక చాలన్నాను, ఎక్కువైతే నీళ్ళు చెడతాయని. ఆపేసింది.

తర్వాత మొలలోంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచింది. "అమ్మీ," అని వంటింట్లోకి కేకేసింది, "మీ బీరువాలో ఏ అర ఖాళీగా ఉంది?"

ఏదీ ఖాళీగా లేదు. మా ఆవిడ వచ్చి నా చొక్కాలున్న అర ఖాళీ చేసింది.