సామాన్ల క్షేమం అడిగే కైలాసం

కైలాసం ఎవరింటికి వెళ్ళినా మనుషుల క్షేమం అడగడు. సామాన్ల క్షేమం అడుగుతాడు.

పలకరింపులు ఊరికో తీరు. కొన్ని చోట్ల "తిన్నవా" అంటారు, కొన్ని చోట్ల "ఎటు పోతాన్నవ్" అంటారు. ములుగు దాటి అడవి ఊళ్ళలోకి పోతే, ఎండాకాలం ముందు, ఇప్పపువ్వు రాలుతోందా అని అడుగుతారు. వీటన్నిటికీ ఏదో ఒక అర్థముంది. కానీ గడప మీద కాలు పెట్టి, ఎదురుగా నిలబడ్డ మనిషి భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "మీ మిక్సీ ఎట్లున్నది, ఒంట్లె మంచిగున్నదా?" అని అడిగేవాడు వరంగల్ కొత్తవాడ మొత్తానికి కైలాసం ఒక్కడే.

"పలకరియ్యవోయినవా, పంచనామ చెయ్యవోయినవా?" అని ఆయన భార్య సరోజన ముప్పై ఏళ్ళుగా అడుగుతోంది. జవాబు ఇంకా రాలేదు.

నలభై ఏళ్ళు జంపఖానాలు నేసిన మనిషి. మోకాళ్ళు మొరాయించి మగ్గం దిగాక చేతులకు పని లేక పాత సామాన్లను చేరదీశాడు. పంపు స్టవ్వు, వాల్వుల రేడియో, రెక్కల చుట్టూ జాలీ లేని టేబుల్ ఫ్యాను, రెండు టేప్ రికార్డర్లు. ఇరవై ఏళ్ళు నిండని యంత్రాన్ని ఆయన యంత్రంగా లెక్కపెట్టడు. "పసిపోరడు. ఇంక మాటలు రాలే" అంటాడు. ఇక తలకాడ పెట్టుకునే అలారం గడియారాలు పదకొండు. చావి తిప్పితే నడిచేవి, తడితే నడిచేవి, వెల్లకిలా పడుకోబెడితేనే నడిచేవి. పదకొండూ పదకొండు రకాల టైము చెబుతాయి. అందుకని ఆ ఇంట్లో టైమెంతో తెలియాలంటే సరోజన గోడవతల గౌసియా బేగంను కేకేయాలి.

"ఆపా! టైమెంత?"

"పదిన్నర, సరోజనా! ఏం, మళ్ళ అన్ని గడియారాలు కొట్టుకుంటానయా?"

ఈ గౌసియా బేగం ఒంటరి మనిషి. ఒకరోజు కైలాసం వెళ్ళి యథాప్రకారం మిక్సీ క్షేమం అడిగాడు. "మూలకు కూసున్నది భాయ్. ఒక్కదానికి ఏం రుబ్బుకోవాలె?" అన్నదామె. కైలాసం ముఖం వాడిపోయింది. మర్నాటి నుంచి సరోజన నానబెట్టిన పప్పు గిన్నె వంటింట్లోంచి మాయం కావడం మొదలైంది.

"మనింట్ల మిక్సీ లేదా? పప్పు పక్కింటికెందుకు పోయింది?"

"మనది రోజు తిరుగుతనే ఉన్నది. ఆపా మిక్సీకి కసరత్తు లేదు. కసరత్తు లేకుంటె మోటరు పట్టేస్తది."

"మోటరుకేనా కసరత్తు? మరి సగం పిండి అక్కడ్నే ఉండిపాయె?"

"రుబ్బినందుకు కూలి" అన్నాడు కైలాసం.

ఇంతవరకైతే వాడ జనం నవ్వుకుని ఊరుకునేవారు. కానీ అదే వాడలోని వెంకట్రాజం ఇస్త్రీపెట్టె వ్యవహారం తర్వాత కొందరు కైలాసాన్ని చూస్తే తలుపు దగ్గరగా వేయసాగారు. వెంకట్రాజం దగ్గర తాతలనాటి ఇత్తడి ఇస్త్రీపెట్టె ఒకటుంది, బొగ్గులు వేసేది. ఒక సోమవారం కైలాసం దాని క్షేమం అడిగి వచ్చాడు. మంగళవారం పొద్దున వెంకట్రాజాన్ని దవాఖానలో చేర్చారు. గుండెకు స్టెంటు వేశారు.

"కైలాసం నోట్ల సామాను పేరొస్తె ఆ ఇంట్ల ఒకరు మంచం పడ్తాండ్రు" అని మాట పుట్టింది. ఒకామె తన గ్రైండరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది.

సరోజనకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే పరకాల నుంచి పిలుపు వచ్చింది.

పరకాలలో సరోజనకు ఒక అక్క. పేరు అనసూర్య. ఇద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు. కారణం ఆస్తి కాదు, అంతస్తు కాదు, వాళ్ళమ్మ తలకాడి గడియారం. నెత్తిన రెండు గంటలు, వెనుక చావి. ఆ గడియారం మోగితే లేచి అమ్మ నూలు కండెలు చుట్టేది, ఆ చప్పుడుకు అక్కాచెల్లెళ్ళు నిద్రలోనే తన్నుకునేవారు. అమ్మ దినాలయ్యాక సామాన్లు పంచుకునేటప్పుడు అనసూర్య అడిగింది: "సరోజా, గడియారం తీస్కపోతవా?"

సరోజన వద్దంది. మర్యాద. అక్క మళ్ళీ అడిగింది. ఈమె మళ్ళీ వద్దంది. అది కూడా మర్యాదే. వాళ్ళ పుట్టింట్లో ఒక ముక్క సకినం తీసుకోవాలన్నా మూడోసారి అడిగాకే చెయ్యి చాపుతారు. మరి ఆ రోజు ఏం తొందరో, అనసూర్య రెండుసార్లు అడిగి, గడియారం సంచిలో వేసుకుని పోయింది.

"మూడోమాటు అడగలే" అని చెల్లెలు. "రెండుమాట్లు వద్దన్నది గద" అని అక్క. నాలుగేళ్ళు.

ఇప్పుడు అనసూర్య కొడుకు హరీశ్ పరకాలలో కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి స్వయంగా వచ్చి పిలిచాడు. "చిన్నమ్మా, నువ్వు రాకపోతె నేను పాలు పొంగియ్య" అన్నాడు. సరోజన ముఖం ముడుచుకుంది కానీ, వాడు వెళ్ళగానే పెట్టె తెరిచి ఎర్రంచు ఆకుపచ్చ పట్టుచీర ఎండలో వేసింది. అక్కతో మాట కలుపుకోవాలని ఆమెకూ ఉంది. కలవడానికి ఒక్కటే అడ్డం. అది ఆ పక్కన కూర్చుని గడియారానికి నూనె చుక్క వేస్తోంది.

"ఇగో, చెప్తాన్న. అక్కడ గడియారం మాట ఎత్తినవంటె నేను బస్సు కింద పడ్త."

"నేనెందుకెత్తుత?"

"ఒట్టెయ్యి."

"నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు, రేడియో మీదెయ్యి."

కైలాసం చాలాసేపు ఆలోచించి, వాల్వుల రేడియో మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

గృహప్రవేశం రోజు వీళ్ళు గేటు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి అనసూర్య ఎదురుగానే నిలబడి ఉంది. సరోజన చూసింది, అనసూర్యా ఇటే చూసింది. చూసి, చూడనట్టు అటు తిరిగింది. సరోజన గుండెలో మొదటి ముల్లు దిగింది.

హరీశ్ కేకేశాడు: "అమ్మా, చిన్నమ్మొచ్చింది!"

"వచ్చినవా? బాగున్నవా?"

"బాగున్న. నువ్వు?"

"బాగున్న."

నాలుగేళ్ళ తర్వాత అక్కాచెల్లెళ్ళ సంభాషణ అంతే. ఆ తర్వాత అనసూర్య ఇల్లు చూపిస్తానని ముందు నడిచింది. నడుస్తూ ప్రతి గోడనూ చేత్తో నిమిరింది. తలుపులు నిమిరింది, కిటికీ చువ్వలు నిమిరింది.

"చూసినవా పోకడ?" అని సరోజన మొగుడి చెవిలో బుసకొట్టింది. "మా కొడుకు కట్టిండు సూడున్రి అన్నట్టు గోడలు సవరిస్తాంది."

కైలాసం యాతన కైలాసానిది. ఒట్టు గడియారానికే కాబట్టి తక్కిన సామాన్లను పలకరించి బరువు దించుకుంటున్నాడు. ఫ్రిజ్జు తలుపు తెరిచి "నిద్ర పడ్తాందా?" అన్నాడు. వాషింగ్ మెషీన్ మీద చెయ్యి వేసి చూసి, హరీశ్ భార్య సంధ్యారాణితో, "జర పైలం బిడ్డా, పసిగుడ్డు" అన్నాడు. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

భోజనాల దగ్గర అక్క స్వయంగా వడ్డించింది. చెల్లెలి విస్తరి దగ్గరికొచ్చి, గరిటెడు పచ్చిపులుసు సరిగ్గా లడ్డు మీద పోసింది. సరోజన ఆ లడ్డును మాట్లాడకుండా తినేసింది. పౌరుషంతో ఏదైనా తినొచ్చు. బయల్దేరేముందు బొట్టు పెట్టే వేళయింది. అనసూర్య జాకెట్ ముక్క ఇచ్చి, కుంకుమ వేలుతో తీసి, చెల్లెలి ముక్కు మీద పెట్టింది.

ఇక సరోజన ఆగలేదు. "పా, పోదాం. మనకు గీ ఇంటి మర్యాద చాలు" అని చెప్పులు వెతుక్కుంది.

అప్పుడు కైలాసం నోరు తెరిచాడు.

"వదినా, అత్తమ్మ గడియారం ఎట్లున్నది?"

పందిట్లో స్టీలు గ్లాసు ఒకటి ఎవరి చేతిలోంచో జారింది. సరోజన కళ్ళు మూసుకుంది. ఇక్కడ బస్సు లేదు కాబట్టి బతికిపోయింది.

అనసూర్య ముఖం మాత్రం వెలిగింది. "దానికేంది మరిదీ, బంగారం లెక్క నడుస్తాంది. రోజు నేనే చావిస్త" అంటూ లోపలికి పోయి గడియారం తెచ్చింది. టిక్కు టిక్కు వినిపిస్తూనే ఉంది. "చూడు, ఇగో. రెండు కావస్తాంది. పెద్దముల్లు పన్నెండు మీదికి వస్తాంది గద?"

కైలాసం అద్దం లోపలికి చూశాడు. సరోజన కళ్ళు తెరిచి చూసింది. హరీశ్ వంగి చూశాడు. పెద్దముల్లు ఊడిపోయి అద్దం అడుగున పడి ఉంది, చీమలా.

"ఎప్పుడూడింది వదినా?"

"ఏంది ఊడింది?"

"పెద్దముల్లు."

అనసూర్య గడియారాన్ని ముక్కు దాకా తెచ్చుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

సరోజన ముక్కు మీది కుంకుమను వేలితో తాకి చూసుకుంది. "అక్కా, నేను ఏ రంగు చీర కట్టిన్నో చెప్పు."

"తెలువదా ఏంది? నీకు పసుపుపచ్చ ఇష్టం గద."

"ఓ అక్కా! ఇది ఆకుపచ్చదే!"

ఆ తర్వాత నాలుగేళ్ళుగా దాచిపెట్టిన మాటలన్నీ సరోజన ఒక్క ఊపిరిలో ఖర్చుపెట్టింది. "బుద్ధున్నదా నీకు? కండ్లు గట్లుంటె చెప్పవా? లడ్డు మీద పులుసు పోస్తె నన్ను తిట్టినట్టనుకున్న గదనే! ఎప్పటి సంది?"

"ఏడాదాయె" అంది అనసూర్య చిన్నగా. "పొర కమ్మింది. వాడు ఇంటి పనుల ఉరుకులాడ్తాండని చెప్పలే. ఆపరేషనంటె భయమాయె. అందరు బాగున్నవా అనుడే, నేను బాగున్న అనుడే. గడియారం సంగతడిగితె గిట్ల దొరికిపోయిన."

హరీశ్ తల పట్టుకున్నాడు. "రోజు అడిగితి గదనే అమ్మా, మంచిగున్నవా అని!"

"మంచిగున్న అని చెప్పితి గదరా."

చెల్లెలు ఈసారి ఒక్కమాటు కూడా అడగలేదు. లోపలికి పోయి అక్క చీరలు నాలుగూ అమ్మ గడియారమూ సంచిలో కుక్కింది, అక్క చెయ్యి పట్టుకుంది, వరంగల్ బస్సెక్కించింది.

బస్సులో అక్క కిటికీకి తలానించి కునుకు తీస్తుంటే సరోజన మొగుడి వైపు తిరిగింది.

"నీకు ముందుగాల్నే తెలుసా?"

"గేటు కాడ అనుమానమొచ్చింది. గోడలు నిమురుడు చూసినంక రూఢైంది."

"మరి కండ్లెట్లున్నయని సక్కగ అడగొచ్చు గద?"

"బాగున్నయంటది." కైలాసం సంచిలోని గడియారాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. "వెంకట్రాజంను అడిగిన, బాగున్ననే అన్నడు. ఇస్త్రీపెట్టె ఎట్లున్నదంటె, లేపితె దమ్మొస్తాంది, నెలాయె ముట్టక అన్నడు. తెల్లారి, వాడ లేవకముందే, నేనే ఆటోల ఎక్కిచ్చి దవాఖానకు తీస్కపోయిన."

సరోజనకు పప్పు గిన్నె గుర్తొచ్చింది. గోడవతల గౌసియా ఆపా ఈమధ్య పొద్దున్నే నవ్వుతూ మాట్లాడటం గుర్తొచ్చింది.

"గిది వాడల చెప్పొచ్చు గద? నిమ్మకాయలు కట్టుకుంటాండ్రు నిన్ను చూసి."

"చెప్తె ఎట్ల? అటెనుక ఎవ్వలు సామాను సంగతి నిజం చెప్పరు" అన్నాడు కైలాసం. అని, వెంటనే ముఖం దిగులుగా పెట్టాడు. "అదంత సరేగని సరోజనా, రేడియో మీద ఒట్టు తప్పితి. ఇంటికి పోయేసరికి పాపం ఎట్లున్నదో ఏమో."

ఇంతకాలం ఇదంతా పిచ్చి అనుకున్న సరోజన, ఇందులో పిచ్చి కూడా కొంత ఉందని ఆ క్షణాన ఊరటగా తెలుసుకుంది.

పది రోజులకు హనుమకొండ కంటి దవాఖానలో అనసూర్య కుడికంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు డాక్టరమ్మ కట్టు విప్పింది. మంచానికి ఒకవైపు హరీశ్, ఒకవైపు కైలాసం. ఎదురుగా, అదే ఆకుపచ్చ చీర కట్టుకుని, ఊపిరి బిగబట్టి సరోజన.

అనసూర్య రెప్పలు టపటపలాడించింది. చెల్లెలిని కిందికీ మీదికీ చూసింది. మళ్ళీ ఒకసారి చూసింది.

"ఏందే సరోజా! గింత ముసల్దానివైనవ్?"

వార్డంతా ఇటు తిరిగింది. సరోజనకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "ఆఁ, నువ్వేమన్న పదహారేండ్ల పడుచువా? తెప్పియ్యాల్నా అద్దం?"

"తెప్పియ్యి. నాకు భయమా?"

పక్క మంచం ఆమె చేతి అద్దం అందించింది. అనసూర్య దాన్ని కంటికి ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూసింది. దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. కొంగుతో తుడిచి చూసింది. చివరికి మెల్లగా మరిది చేతిలో పెట్టింది.

"ఇది ఖరాబైంది కైలాసం. జర నువ్వు సూడు."

కైలాసం అద్దాన్ని అందుకుని, వెనక్కి తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని, గౌరవంగా తిరిగి ఇచ్చేశాడు.

"దీనికేం గాలే వదినా. నా చేతుల ఉండే రిపేరు కాదు ఇది."